సొంత మాటలలో చెప్పగలమా?



క్రిందటి సంవత్సరము ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక తల్లి అందరూ వెళ్లేవరకు ఆగి మా దగ్గరకు వచ్చింది. భర్త పోయిన మనిషి. ఒక్కడే కొడుకు. "మాస్టారూ, మావాడు మాట్లాడేది తెలుగేనండీ. కానీ నాకు అర్థం కావడం లేదు" అన్నది.

ఆ అబ్బాయి మా సండేస్కూలులో పెరిగినవాడు. డిప్లమా చదివి కర్మాగారములో పని సంపాదించుకున్నాడు. ఊరిలో ఒక మేడమీద కూడుకొను గుంపుతో కలిశాడు. ఆ గుంపు పేరు ఇక్కడ అవసరము లేదు. మొదట తల్లి సంతోషించింది. సినిమాలు మానివేశాడు, తెల్లవారుజామున లేచి మోకరించుచున్నాడు, నోరు తెరిస్తే బైబిలు మాటలే. ఇంతకంటే ఏమి కావాలి అనుకొన్నది. తరువాత ఆ బైబిలు మాటలే ఆమెకు తలుపులు మూయసాగినవి. "ఈ నెల జీతం ఏమైంది నాయనా?" అని అడిగితే "సణగొద్దమ్మా" అన్నాడు. అరణ్యములో ఇశ్రాయేలీయులు సణిగిన సంగతి మనకందరకు తెలుసు. ఆ గుంపులో మాత్రము ఏ ప్రశ్న అడిగినా అది సణుగుడే. నాయకుడు చెప్పినట్టు చేయుట "కప్పు క్రింద ఉండుట". పెండ్లికో చావుకో చుట్టాల ఇంటికి వెళ్లుట "కప్పు దాటుట". ఇంటికి వచ్చిన తోటివారికి తన తల్లిని చూపించి "శరీరరీతిగా మా తల్లి" అన్నాడట. ఆ మాట చెప్పుచు ఆమె ఏడ్చింది. "శరీరరీతిగా అంటే ఏమిటండీ? కన్నాను కదా" అన్నది.

ఆ సాయంత్రము నుండి ఈ సంగతి మమ్మును వదలలేదు. మేము ట్రైనింగు అయి 32 సంవత్సరములు బడిపిల్లలకు పాఠములు చెప్పినవారము. మాటలతోనే బ్రతికాము. మాట మనిషిని ఒకచోటికి చేర్చునని తెలుసు. అదే మాట మనిషిని కన్నతల్లి దగ్గరనుండి విడదీయగలదని పుస్తకములలో చదివియున్నాము గాని, మా బల్లమీద కూర్చున్న పిల్లవాని యెడల చూడలేదు. అందుచేత ఇది వ్రాయుచున్నాము.

మనము వలస వచ్చినవారము. మన తాతలు కోలారు గనులకు, షోలాపురము మగ్గాలకు, బొంబాయి మిల్లులకు, రైలు పనులకు పొట్ట చేతబట్టుకొని వచ్చారు. మాట ఎట్లు మనిషికి ఇల్లగునో మనకు ఒకరు చెప్పవలసిన పని లేదు. సంతలో నలుగురు కన్నడములో బేరమాడుచుండగా ఎవరో "ఏమయ్యా, ఎంతకిస్తావు?" అంటే తల అటు తిరుగుతుంది. ఏ ఊరు, ఏ ఇంటిపేరు అని అడిగేవరకు మనసు ఊరుకోదు. అదే మనము ఒంగోలు ప్రక్కకు పెండ్లికి వెళితే అక్కడి బంధువులు మన మాట విని నవ్వుతారు. "మీ తెలుగులో కన్నడం దొర్లుతోందే" అంటారు. ఇక్కడ తెలుగువారము, అక్కడ కన్నడమువారము. రెండు చోట్లా నోరు తెరిచిన తరువాతనే మనమెవరమో తేలుతుంది.

న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయములో ఈ సంగతి ఎంత భయంకరము కాగలదో ఉన్నది. గిలాదువారు యొర్దాను రేవులను పట్టుకొని, దాటవచ్చిన ప్రతివానిని ఒక మాట పలకమన్నారు. షిబ్బోలెతు అన్నవాడు దాటిపోయాడు. సిబ్బోలెతు అన్నవాడు చచ్చాడు. ఆ విధముగా 42 వేలమంది ఎఫ్రాయిమీయులు కూలినట్టు గ్రంథము చెప్పుచున్నది. ఆ మాటకు అర్థము ధాన్యపు వెన్ను అని కొందరు, ప్రవాహము అని కొందరు అంటారు. అర్థము ఏదైతేనేమి, అక్కడ అర్థముతో పని లేదు. ఒక్క అక్షరముతోనే పని. చచ్చినవారు పరాయివారు కూడ కాదు, అదే ఇశ్రాయేలు గోత్రములవారు. పేతురును ప్రధానయాజకుని ముంగిట పట్టియిచ్చినది కూడ అతని యాసయే గదా.

అయితే మాట మనిషి ఆలోచనను కూడ మార్చునా? దీనిమీద పండితులు చాలాకాలముగా వాదించుకొనుచున్నారు. అమెరికాలో బెంజమిన్ లీ వోర్ఫ్ అను భాషాపండితుడు ఉండేవాడు. అతని ఉద్యోగము అగ్నిప్రమాద భీమా కంపెనీలో. ప్రమాదములెట్లు జరిగినవో చూచుట అతని పని. అతడు గమనించిన ఒక సంగతి మాకు ఎప్పుడూ గుర్తు. పెట్రోలు నిండిన పీపాలున్నచోట పనివారు ఎంతో జాగ్రత్తగా ఉండేవారట. ఖాళీ పీపాలున్నచోట మాత్రము చుట్ట కాల్చి నిప్పు పారవేసేవారట. నిజమునకు ఖాళీ పీపాలో ఆవిరి నిలిచియుండును గనుక అదే ఎక్కువ ప్రమాదము. "ఖాళీ" అను మాట వారి చేతులను అజాగ్రత్త చేసినది. వారి కండ్లు బాగానే ఉన్నవి, తెలివి బాగానే ఉన్నది. మాటయే వారికి ముందుగా "ఇక్కడ ఏమీ లేదు" అని చెప్పివేసినది.

వోర్ఫ్ మాటలను పట్టుకొని భాష మనిషికి చెరసాల అన్నవారు కూడ ఉన్నారు. అంతదూరము పోవుట సరికాదని నేటి భాషాశాస్త్రజ్ఞులలో చాలామంది అంటారు. మాకును అదే తోచుచున్నది. భాష చెరసాలయే అయితే ఎవ్వరును మనసు మార్చుకొనలేరు, ఏ గుంపులోనుండి ఎవ్వరును బయటకు రాలేరు. మాట ఒక్కటే బంధించదు. వేరే మాట పలికినవానికి శిక్ష వేయువాడు ఒకడుండాలి. అప్పుడే మాట గొలుసు అగును.

రాబర్ట్ జే లిఫ్టన్ అను అమెరికా మనోవైద్యుడు 1950ల మధ్యలో హాంగ్‌కాంగ్‌లో ఉండి, చైనాలో మనస్సంస్కరణ పేరుతో చెరలలోను, విద్యాలయములలోను నలిగి బయటపడినవారితో మాట్లాడాడు. వారిలో మిషనరీలు కూడ ఉన్నారు. 1961లో దానిమీద పెద్ద గ్రంథము వ్రాశాడు. మనిషి మనస్సును పూర్తిగా వశము చేసికొను చోట్ల కనబడు ఎనిమిది గుర్తులు అందులో చెప్పాడు. వాటిలో ఒకటి భాషకు బరువెక్కించుట. అనగా, పెద్ద పెద్ద చిక్కు ప్రశ్నలన్నిటిని కుదించి, కంఠతా పట్టుటకు వీలైన చిన్న మాటగా చేసి చేతిలో పెట్టుట. ఆ మాట నోట రాగానే ఆలోచన అక్కడ ఆగిపోవలెను. మా అబ్బాయి నోట వచ్చిన "సణుగుడు" అట్టిదే. తల్లి అడిగినది డబ్బు గురించి. వానికి వినబడినది కోరహు తిరుగుబాటు.

ఇక జోన్స్‌టౌన్ సంగతి. మన వయసువారు కొందరు ఆనాడు పత్రికలలో చదివియుందురు. చిన్నవారికి తెలియదు గనుక కొంచెము వివరముగా చెప్పవలెను.

జిమ్ జోన్స్ అమెరికాలోని ఇండియానా రాష్ట్రమువాడు. 1950లలో ఇండియానాపొలిస్ పట్టణములో సంఘము ప్రారంభించాడు. తరువాత దాని పేరు ప్రజల దేవాలయము. ఆ రోజులలో తెల్లవారు, నల్లవారు ఒకే బల్లమీద కూర్చుండి ఆరాధించుట అక్కడ చాలా అరుదు. జోన్స్ కూర్చుండబెట్టాడు. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించాడు. ఇది మరువరాదు. చెడ్డవాడు మొదటినుండి చెడ్డ మాటలు మాట్లాడితే వాని వెంట ఎవరు పోతారు? 1965లో తన మనుష్యులతో కాలిఫోర్నియాకు మారాడు. అక్కడ అతని సభలలో ఒక చిత్రము జరిగేది. దక్షిణమునుండి వచ్చిన నల్లజాతి ముసలితల్లులతో మాట్లాడునప్పుడు వారు చిన్ననాట వినిన ప్రసంగీకుల రాగములో, బైబిలు మాటలలో మాట్లాడేవాడు. చదువుకొన్న యౌవనులతో సమానత్వము, విప్లవము అను మాటలు మాట్లాడేవాడు. ఎవరి ఇంటిమాట వారికి వినబడేది. క్రమక్రమముగా ఆ బైబిలు మాటల క్రింద నేలను తీసివేశాడు. మనము ప్రార్థించు దేవుని ఎగతాళిగా ఆకాశ దేవుడు అన్నాడు. తనను నాన్నా అని పిలిపించుకొన్నాడు. పెద్ద వయసువారు కూడ అతనికి "నాన్నా" అని సంబోధించి తమ తప్పులు ఒప్పుకొనుచు ఉత్తరములు వ్రాసేవారు. ఒక మనిషిని నలుగురిలో నిలబెట్టి నిందించు కూటమునకు ప్రక్షాళన అను అర్థమిచ్చు పేరు పెట్టారు. అవమానమునకు స్నానము పేరు!

1974లో దక్షిణ అమెరికాలోని గయానా దేశములో అడవి కొట్టి వ్యవసాయ క్షేత్రము ప్రారంభించారు. 1977లో వందలమంది అక్కడికి తరలిపోయారు. దానికి జోన్స్‌టౌన్ అని పేరు. చుట్టూ అడవి, లౌడ్‌స్పీకరులో అతని గొంతు. వేరే మాట వినుటకు వేరే మనిషి లేడు. అర్ధరాత్రి అందరినీ లేపి, శత్రువులు చుట్టుముట్టారని చెప్పి, చావునకు సిద్ధము చేయు రాత్రులకు "తెల్ల రాత్రులు" అని పేరు. ఒక తెల్ల రాత్రి విషమని చెప్పి ఏదో త్రాగించి, తరువాత అది పరీక్ష అన్నారని 1978లో తప్పించుకొని వచ్చిన ఒక స్త్రీ ప్రమాణము చేసి చెప్పింది. చావునకు వారు పెట్టుకొన్న పేరు "విప్లవ ఆత్మహత్య". ఆ మాట కూడ అతనిది కాదు. నల్లజాతి నాయకుడు హ్యూయీ న్యూటన్ 1973లో వ్రాసిన పుస్తకము పేరు అది. న్యూటన్ దృష్టిలో దానికి అర్థము, ప్రాణము పోయినా సరే అన్యాయమును ఎదిరించుట. జోన్స్ ఆ మాటను అట్లే ఉంచి లోపలి అర్థమును మార్చివేశాడు. ఎదిరించుట పోయి ఊరకనే చచ్చుట మిగిలినది. దొంగ తాళపుచెవి చేయువాడు పైరూపము మార్చడు గదా.

1978 నవంబరు 18న, విచారణకు వచ్చిన అమెరికా పార్లమెంటు సభ్యుడు లియో ర్యాన్‌ను, మరి నలుగురిని దగ్గరలోని విమానాల దిగుడుచోట కాల్చి చంపారు. ఆ సాయంత్రము జోన్స్‌టౌన్‌లో 909 మంది సైనైడు కలిపిన పానీయముతోను, ఇతర విధములను చనిపోయారు. వారిలో 300 మందికి పైగా పిల్లలు. మొదట త్రాగించినది పిల్లలకే. ఇంగ్లీషులో ఇప్పటికిని, గ్రుడ్డిగా నమ్మినవానిని ఫలానా శీతలపానీయము త్రాగినవాడు అని హాస్యముగా అంటారు. మన పిల్లలు కూడ కంపెనీలలో ఆ మాట వాడుచున్నారు. అక్కడ కలిపినది ఆ పానీయము కాదు, మరొక రకము. అది పోనిండు. పాలు త్రాగు బిడ్డకు నమ్మకమేమిటి? నోట పోసినదానిని హాస్యము చేయుట మాకు సహించదు.

ఆ చివరి గంట టేపు మీద నిలిచియున్నది, సుమారు 45 నిమిషములు. ఆ టేపులో ఒక్క గొంతు మాత్రము ఎదురు పలికింది. ఆమె పేరు క్రిస్టీన్ మిల్లర్, పెద్ద వయసు నల్లజాతి స్త్రీ. రష్యాకు వెళ్లిపోవుటకు ఇంకను వీలు లేదా అని అడిగింది. ప్రాణమున్నంతవరకు ఆశ ఉన్నదని చెప్పింది. ఈ పసిబిడ్డలకు బ్రతికే హక్కు లేదా అన్నది. గమనించండి, ఆమె వాడినవి చంటిబిడ్డ, బ్రతుకు, ఆశ, నేను అను మాటలు. గుంపు మాటలు కావు, వంటింటి మాటలు. జోన్స్ మర్యాదగానే బదులు చెప్పాడు. కేకలు వేసి ఆమె నోరు మూయించినది గుంపు. ఆ "నాన్న" లేకపోతే ఆమె అక్కడ నిలబడియుండేదే కాదని ఒకడు ఆమెను గద్దించాడు. మేము ఈ భాగము చదివిన ప్రతిసారి పుస్తకము మూసివేసి కొంతసేపు ఊరక కూర్చుంటాము. ఆ గుంపులో మేముంటే క్రిస్టీన్ మిల్లర్ ప్రక్కన నిలిచేవారమా, కేకలు వేసినవారి ప్రక్కనా?

ఆ ఉదయమే 11 మంది చిన్నపిల్లలతో సహా అడవిదారిన నడిచి బయటపడ్డారు. ఎవరైనా అడిగితే పిక్నిక్కు పోవుచున్నామని చెప్పుటకు సిద్ధపడియున్నారు. ఎంత మామూలు మాట!

ఇట్టివి ఇంకను ఉన్నవి. కాలిఫోర్నియాలో 1997 మార్చిలో ఒక ఇంట 39 మంది కలిసి ప్రాణము తీసుకొన్నారు. ఆ గుంపు పేరు హెవెన్స్ గేట్, అనగా పరలోకద్వారము. నాయకుడు మార్షల్ ఆపిల్‌వైట్ ఒక ప్రెస్బిటేరియను పాదిరిగారి కుమారుడు. వారు దేహమును దేహము అనలేదు, వాహనము అన్నారు. వాహనము దిగుటకు ఏడ్చువారెవరు? ఆత్మహత్య అను మాటకు కూడ అర్థము తిరుగవేసి, తమ బోధను కాదనుటయే నిజమైన ఆత్మహత్య అన్నారు. జపానులో ఓమ్ షిన్రిక్యో అను గుంపు 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో విషవాయువు వదిలి పదిమందికి పైగా చంపినది, వేలమందిని గాయపరచినది. ఆ గుంపులో చంపుటకు "పోవా" అని పేరు. టిబెట్టు బౌద్ధములో ఆ మాటకు మరణవేళ ప్రాణమును మేలైన స్థితికి పంపు సాధన అని అర్థము. చంపుట కాదు, మేలు చేయుట అనుకొని చదువుకొన్న యువకులు ఆ పని చేశారు. నాయకుడు అసహారాను, మరి 12 మందిని 2018 జూలైలో ఉరితీశారు. 2023లో కెన్యా దేశపు షకహోలా అడవిలో, ఉపవాసముండి చనిపోతే యేసును చేరుదురని నమ్మినవారి శవములు 400కు పైగా త్రవ్వి తీశారు. ఉపవాసము! మన నోట ప్రతి శుక్రవారము వచ్చు మాటయే.

ఇక్కడికి వచ్చేసరికి చదువరులలో కొందరు అడుగుదురు: మాస్టరుగారూ, ప్రతి సంఘమునకు, ప్రతి వృత్తికి తన మాటలు ఉండవా? వైద్యునికి లేవా, రైలువారికి లేవా? మన సంఘభాష మాత్రము ఏమి? న్యాయమైన ప్రశ్న. మనము "మారుమనస్సు" అంటాము, "భారము కలిగినది" అంటాము, "నడిపింపు" అంటాము, "లోకస్థులు" అంటాము. మా సంఘస్థుడు ఒకాయన బస్సులో ప్రక్కన కూర్చున్న పెద్దమనిషిని "మీకు రక్షణ ఉన్నదా?" అని అడిగితే ఆయన "ఎందుకండీ, ఏమైనా గొడవ జరుగుతోందా?" అని కిటికీలోనుండి బయటకు చూచాడట. మనకు సాక్ష్యము ఆరాధనలో, వారికి సాక్ష్యము కోర్టులో. నవ్వుకొనుటకు బాగున్నది గాని, పుట్టినది మొదలు ఈ మాటలలో ఈదిన మనము వాటి అర్థము చెప్పగలమా? మా మనుమరాలు కన్నడబడిలో చదువుచున్నది. దానికి తెలుగు అక్షరములు రావు. కీర్తనలు కన్నడ లిపిలో వ్రాసికొని పాడుతుంది, ఎంతో చక్కగా పాడుతుంది. "కృప అంటే ఏమిటమ్మా?" అని ఒకనాడు అడిగితే "పాటలో వస్తుంది కదా తాతయ్యా" అన్నది.

బడిలో మాకు నేర్పిన ఒక పద్ధతి ఉన్నది. పిల్లవాడు పాఠము ఒప్పజెప్పినంత మాత్రాన వచ్చినట్టు కాదు. పుస్తకము మూసి, "ఇప్పుడు నీ సొంత మాటలలో చెప్పు" అనాలి. చెప్పగలిగితే అర్థమైనది. తడబడితే మనము మరల చెప్పాలి, తప్పు మనది. వైద్యునికి, గుంపు నాయకునికి భేదము ఇక్కడే ఉన్నదని మాకు తోచుచున్నది. వైద్యుడు తన మాటను విడదీసి రోగికి మామూలు తెలుగులో చెప్పగలడు. చెప్పినందువలన అతని వైద్యము తరిగిపోదు. "కప్పు దాటుట" అనుదానిని "నాయకుని అనుమతి లేక అక్క పెండ్లికి వెళ్లుట" అని చెప్పిచూడుడి. వెంటనే దాని బలము పోతుంది. అందుకే అక్కడ సొంత మాటలలో చెప్పనివ్వరు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాయుచు, సంఘములో అర్థమగు అయిదు మాటలు అర్థము కాని పదివేల మాటలకంటె మేలని అభిప్రాయపడినాడు. పెంతెకొస్తు దినమున కూడ ఎవరి స్వభాషలో వారు విన్నారు గాని, అందరికీ ఒక రహస్య భాష నేర్పబడలేదు.

మన తెలుగు బాప్తిస్టుల చరిత్రలో 1878 జూలై 3వ తేదీని మన పిల్లలకు చెప్పుకొంటాము. గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2222 మందికి బాప్తిస్మము. సంఖ్య చెప్పి గర్వపడతాము. దానికి ముందరి సంగతి తక్కువగా చెప్పుకొంటాము. 1876 నుండి 78 వరకు గొప్ప కరవు. క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ పని పట్టి వేలమందికి కూలి ఇప్పించారు. ఆ కరవుపని కాలములో బాప్తిస్మములు ఆపివేశారు. అన్నముకొరకు వచ్చి అన్నముపెట్టినవాని మాటను వల్లించుదురని భయము. తరువాత కూడ పెద్దలు, బోధకులు ఒక్కొక్కరిని ప్రశ్నించి చేర్చుకొన్నారు. చదువురాని కూలివానిని కూడ అడిగి, వాని నోటి మాట విన్నారు. ఆ సహనము మనలో ఎంత మిగిలినదో!

ఇప్పుడు మా తప్పు చెప్పవలెను. చెప్పకపోతే ఇదంతా వ్రాసి లాభము లేదు.

ఆ అబ్బాయి ఆ మేడమీదికి ఎక్కకముందు మా ఇంటికి వచ్చాడు. వాని తండ్రి ప్రార్థన కూడికకు వెళ్లి సైకిలుమీద వచ్చుచుండగా లారీ క్రింద పడి చనిపోయి అప్పటికి రెండు నెలలు. వరండాలో నిలబడే అడిగాడు. "మాస్టారూ, ప్రార్థనకు వెళ్లి వచ్చే మనిషిని దేవుడు ఎందుకు కాపాడలేదు?" మాకు ఆ రోజు సంఘపు లెక్కలు చూచు పని ఉన్నది. నిజము చెప్పవలెనంటే, ఆ ప్రశ్నకు భయపడ్డాము కూడ. "దేవుని చిత్తము బాబూ. ఆయనను ప్రశ్నించకూడదు. ప్రార్థనలో ఉండు" అన్నాము. వాడు తల ఊపి వెళ్లిపోయాడు. మేడమీదివారు వానిని ఆ రాత్రి మూడు గంటలు కూర్చుండబెట్టుకొన్నారని తల్లి చెప్పగా ఈ మధ్యనే తెలిసినది. వారు వానికిచ్చినవి కూడ మూతలు వేసే మాటలే. కాని మూత వేయకముందు మూడు గంటలు విన్నారు. మేము వినకుండానే వేశాము.

"దేవుని చిత్తము" అబద్ధమని మేము అనుట లేదు. గెత్సేమనేలో ప్రభువు ఆ మాట అన్నాడు. అయితే ముందు గిన్నె తొలగించుమని అడిగాడు, ఒక్కసారి కాదు మూడుసార్లు. అడిగి, చెమటోడ్చి, తన ప్రాణమును గూర్చి తానే అన్నాడు. ఎదుటివాని ప్రశ్న ఆపుటకు అనలేదు. యోబు స్నేహితులు పలికిన మాటలలో విడిగా చూస్తే తప్పు పట్టదగినవి తక్కువే. అడిగినవాడు యోబు, మంచి మాటలు వల్లించినవారు ఆ స్నేహితులు. చివర దేవుని కోపము ఎవరిమీద రగిలినదో 42వ అధ్యాయములో చూడగలరు. అదే మాట ఒక నోట ప్రార్థన, మరొక నోట మూత. మాటలో ఏ అక్షరము మారలేదు.

పెద్దల కూటములో ఈ సంగతి చెప్పి, బుధవారపు కూడికలో అరగంట ప్రశ్నలకు ఇవ్వవలెనని అడిగాము. ఒకరిద్దరు ఒప్పుకొనలేదు. విశ్వాసము బలహీనమగునన్నారు. తుదకు మూడు నెలలు చూతము అన్నారు. నియమము ఒక్కటే: జవాబు చెప్పువాడు సంఘమాటలు వాడకుండ చెప్పవలెను. మొదటి మూడు బుధవారములు ఎవరూ నోరు తెరవలేదు, గోడ గడియారము చప్పుడు విన్నాము. నాలుగవ వారము ఏడేండ్ల పిల్ల లేచి, "గొఱ్ఱెపిల్ల రక్తంలో బట్టలు ఉతికితే తెల్లగా ఎట్లా అవుతాయి? ఎర్రగా కదా అవ్వాలి?" అన్నది. అందరూ నవ్వారు. జవాబు చెప్పవలసినవారము మేమే. ప్రాయశ్చిత్తము, విమోచన, పరిశుద్ధత అను మాటలు వాడకుండ చెప్పుటకు పది నిమిషములు తడబడ్డాము. ఆ పిల్ల ఓపికగా విని, "ఇంకా అర్థం కాలేదు" అని కూర్చున్నది. మరుసటి వారమునకు సిద్ధపడి వచ్చెదమని చెప్పాము.

ఆ అబ్బాయి ఇంకను ఆ గుంపులోనే ఉన్నాడు. తల్లితో మేము చెప్పినది ఒకటే. వాని మాటలతో పోట్లాడవద్దు, ఆ గుంపును తిట్టవద్దు, వచ్చినప్పుడు "అన్నం తిన్నావా?" అని అడుగు. ఆమెకు అది చెప్పనక్కరలేదు, ఎట్లాగూ అడుగుతుంది. క్రిస్మసుకు వచ్చి వెనుక బల్లమీద కూర్చుండి వెళ్లాడు. క్రిందటి నెల మేమే వానికి ఫోను చేశాము. ఆనాడు వరండాలో అడిగిన ప్రశ్నకు సరిగా వినకుండా జవాబు చెప్పాము, క్షమించు నాయనా అన్నాము. చాలాసేపు ఏమీ పలకలేదు. "ఇప్పుడు తెలుసా మాస్టారూ?" అన్నాడు. తెలియదు అన్నాము. మీ నాన్న ఆ సాయంత్రము ఇంటినుండి ఎప్పుడు బయలుదేరాడో, ఏమి చెప్పి వెళ్లాడో చెప్పు, వింటాము అన్నాము. చెప్పాడు. సైకిలుకు గాలి కొట్టించమని నాన్న చెప్పితే తాను మరచిపోయానని, అందుకే ఆలస్యముగా బయలుదేరాడని చెప్పాడు. ఇన్ని సంవత్సరములు ఈ మాట తల్లికి కూడ చెప్పలేదట. మధ్యమధ్య ఆ గుంపు మాటలు కూడ వచ్చినవి, మేము అడ్డు తగలలేదు. ఆదివారము మరల చేస్తానన్నాడు. ఇంకను చేయలేదు.